కుడి పక్క వాల్వు

మార్చి 3

ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే తప్ప వాల్వు గుణం తెలియదని ఇన్నేళ్ళూ చెల్లెలితో పోట్లాడాను. మిక్సీ ఆపవే, కుళాయి కట్టవే, ఫోన్లో ఆ నవ్వులేమిటే అని. ఇప్పుడు ఆపమని అరవడానికి ఎవరూ లేరు. కోరుకున్నదే దొరికింది. హాయిగా ఉంది.

హాయిగానే ఉంది.

చెల్లెలి బీరువా తీసేసిన చోట గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. వ్యాను వాళ్ళు బీరువా దింపుతూ గుమ్మం చెక్కకి పెద్ద గీత పెట్టారు. రంగు వేయించాలి. వేయించను, ఉండనీ, వచ్చినప్పుడు చూసుకుంటుంది.

పెళ్ళి రిజిస్ట్రార్ ఆఫీసులో అయింది. సాక్షి సంతకం నేనే పెట్టాను. మోకాళ్ళ నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే, వెళ్ళవే వెళ్ళవే అని దాన్ని కొలనుకి తరిమింది కూడా నేనే. నొప్పి తగ్గిందో లేదో గానీ యాభై రెండేళ్ళ వయసులో మొగుణ్ణి తెచ్చుకుంది. ఈత మాస్టారు. భార్య పోయిన మనిషి. మాట నెమ్మది. ఒంటి నుంచి ఎప్పుడూ కొలను నీళ్ళలో కలిపే మందు వాసన. ఎక్కడ కలిసినా గబగబా నా ఎడమ పక్కకి వచ్చి నిలబడతాడు. ఏం మర్యాదో, ఎక్కడ నేర్చుకున్నాడో!

ఇంత జరిగింది కదా. అక్కా, నేను వెళ్ళిపోతున్నాను, నీకెలా ఉంది అని ఒక్క మాట అడిగిందా? అడగలేదు.

మార్చి 5

పెద్దాయన ఇవాళ నన్ను పిలిచి కొత్త పని అప్పజెప్పాడు. పెద్దాయన అంటే మా ఓనరు. సైకిలు షాపు పైన రెండు గదులు, ఒక వరండా, అదే మా వర్క్‌షాపు. ఇక్కడ మేం చేసేవి ప్రీయాంపులు. చెల్లెలి స్నేహితురాలు ఒకసారి "మీ అక్కయ్య అసలేం పని చేస్తుందే" అని అడిగితే ఇది చెప్పిన జవాబు నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. "పాటకీ స్పీకరుకీ మధ్య ఒక పెట్టె ఉంటుంది. అందులో గాజు బుడ్లు రెండు వెలుగుతుంటాయి, ఎడమ స్పీకరుకి ఒకటి, కుడిదానికి ఒకటి. ఏ బుడ్లు పెడితే పాట బాగుంటుందో మా అక్క విని చెబుతుంది. అందుకు దానికి జీతం ఇస్తారు" అంది. ఆ బుడ్లనే మేం వాల్వులంటాం. ఇంతకన్నా బాగా నేను కూడా చెప్పలేను.

ఇప్పుడు కొత్త మోడల్ వస్తోంది. దాంట్లో పాతకాలం వాల్వులు పెట్టాలా, ఇప్పుడు తయారయ్యే కొత్తవి పెట్టాలా అన్నది ప్రశ్న.

"నెలాఖరుకి తేల్చమ్మా. డీలరు దగ్గర మూతపడ్డ ఫ్యాక్టరీ సరుకు పెట్టెలకి పెట్టెలు ఉంది. నువ్వు ఊ అంటే మొత్తం ఎత్తేస్తాను. ఉహూఁ అంటే కొత్తవే తెప్పిస్తాను. నీ చెవి మాట నాకు మీటరు మాటకన్నా ఎక్కువ."

చివరి ముక్క బెంచి దగ్గర కూర్చున్న మీటరు వినాలనే అన్నాడు. మీటరు అంటే వాల్వుల్ని మిషను మీద పెట్టి కొలిచే ఆయన. అసలు పేరు పిలిచి ఎన్నేళ్ళయిందో, ఆయనే మర్చిపోయి ఉంటాడు. కొలవనిది ఏదీ నమ్మడు, టీలో చక్కెరతో సహా. తల ఎత్తలేదు, నిమ్మకు నీరెత్తినట్టు పని చేసుకుంటూ ఉండిపోయాడు.

ఒక ప్రీయాంపు, కొత్త వాల్వుల పెట్టె, పాతవాటి ట్రే ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లోనే వింటాను. ఇల్లు ఖాళీయే కదా.

మార్చి 6

తెల్లవారుజామున, వీధిలో పాలబండి రాకముందు మొదలుపెట్టాను. ముందు కొత్తవి.

చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. గాజు తళతళ, అక్షరాలు చెరగని తెలుపు, అన్నీ ఒకే అచ్చు. ఎప్పుడూ వాడే రికార్డే పెట్టాను. మధ్యలో గాయని, కుడి పక్క వయొలిన్, చివర్లో ఒక చిన్న గంట. ఈ రికార్డు నాకు నిద్రలో కూడా వస్తుంది.

కుడి పక్క బాగా లేదు. వయొలిన్ తెర వెనకాల కూర్చుని వాయిస్తున్నట్టుంది. గంట మోగిందని నాకు తెలుసు కాబట్టి మోగిందనుకున్నాను.

ఇలాంటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ఎడమ వాల్వుని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చాలి. లోపం వాల్వుదే అయితే వాల్వుతో పాటు పక్క మారుతుంది. మారలేదంటే లోపం మరెక్కడో ఉన్నట్టు. వర్క్‌షాపులో ఎవరు చేరినా మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇదే. మార్చాను. మళ్ళీ కుడి పక్కే మందం.

అంటే రెండూ అంతంతమాత్రం వాల్వులేనన్నమాట. ఇంకో జత పెట్టాను. అదే. ఇంకో జత. అదే. పెట్టె మొత్తం తిరగేశాను. కొత్త సరుకు ఇంతే, తళుకే తప్ప సరుకు లేదు.

బీరువా తీసేశాక కుడి గోడ బోసిపోయింది కదా, దాని వల్ల కూడా కొంత అయి ఉండొచ్చు. పోతూ పోతూ నా గదిని కూడా చెడగొట్టింది.

మార్చి 7

పాతవి!

ట్రేలో ఒకదానికొకటి పోలిక లేదు. ఒకదాని తలమీద వెండి పూత నిండుగా ఉంది, ఇంకోదానికి సగమే. కొన్నిటి మీద అక్షరాలు వేలు తగిలితే రాలిపోతున్నాయి. అట్టపెట్టెలు పసుపెక్కి పాత పుస్తకాల వాసన కొడుతున్నాయి. ఒక్కోదాని కాళ్ళూ చిన్న బ్రష్షుతో తుడిచి, సాకెట్లో పెట్టి, వేడెక్కేదాకా ఆగి విన్నాను. కొన్ని గరగరలాడాయి. ఒకటి ఈలేసింది. టీ చల్లారిపోయింది, రెండోసారి పెట్టుకున్నదీ చల్లారిపోయింది.

అప్పుడు ఒకటి దొరికింది. దాన్ని కుడి సాకెట్లో పెట్టగానే వయొలిన్ తెర తోసుకుని ముందుకొచ్చింది. గాయని సరిగ్గా మధ్యలోకి వచ్చి నిలబడింది. గంట మోగింది, నిజంగా మోగింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, సిగ్గెందుకు, వచ్చాయి.

"ఇలా రావే, ఇది విను" అని వంటింటివైపు కేకేశాను.

కేకేశాక గుర్తొచ్చింది.

మార్చి 9

అది ఫోను చేయలేదు. నేనెందుకు చేయాలి?

మార్చి 10

మీటరుకీ నాకూ గొడవ. నేను ఏరిన పాత వాల్వుల జతల్ని వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఒక్కో జతకీ 'ఎ', 'కు' అని చీటీలు అంటించాను, ఎడమకేది కుడికేది అని. ఆయన అన్నీ మిషను మీద పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మేడమ్, ఇవి జతలు కావు. కుడి అని రాసినవన్నీ గట్టిగా పలికేవి. ఎడమవి మామూలువి."

"మీ మిషనుకి చెవులున్నాయా?"

"లేవు మేడమ్."

"మరి నోరెందుకు?"

పెద్దాయన నవ్వాడు. మీటరు నవ్వలేదు. "అన్నిట్లోనూ కుడిదే ఎక్కువ మేడమ్. ఒక్కదాంట్లో అయినా ఎడమది ఎక్కువ ఉండాలి కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కొలతల్లో లేనిది పాతవాటిలో ఒకటుంటుంది, దాన్ని ప్రాణం అంటారు అని చెప్పి, చీటీలు ఊడకుండా చూడమని వచ్చేశాను.

ఇంటికొచ్చి తలుపు తీశాక కూడా ఇంకా ఆయనతోనే వాదిస్తున్నాను, పైకే. ఇదివరకైతే చెల్లెలు కూర తరుగుతూ అంతా విని, "ఆయన్నొదిలెయ్యి అక్కా, నువ్వు చేతులు కడుక్కో" అనేది. చేతులు కడుక్కున్నాను.

మార్చి 12

ఫోను అదే చేసింది. ఆదివారం భోజనానికి రమ్మంది. పని ఉందన్నాను. "పని ఎప్పుడూ ఉంటుంది, రా" అంది. సరేనన్నాను.

ఒక విషయం గమనించాను. ఫోన్లో దాని మాట గలగలా స్పష్టంగా ఉంది. ఎదురుగా ఉన్నప్పుడే గొణుగుతుంది. ఈత మాస్టారి పరిచయం అయినప్పటి నుంచీ ఈ గొణుగుడు పట్టుకుంది దానికి. ప్రేమలో పడితే గొంతు చిన్నదవుతుంది కాబోలు.

మార్చి 16, ఆదివారం

వెళ్ళి ఉండాల్సింది కాదు.

ఇల్లు చిన్నదే. కొలను ఎదురుగా మేడ మీద. దండెం నిండా తువ్వాళ్ళు. దాని బీరువా అక్కడ వాళ్ళ ముందుగదిలో ఉంది, మా ఇంట్లో కన్నా చిన్నదిగా కనిపించింది. నన్ను చూడగానే దాని మొహం వెలిగింది, అబద్ధం చెప్పకూడదు. నాకూ అక్కడే దాన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. బదులుగా, గోడకి సున్నం సరిగా వేయలేదే అన్నాను.

భోజనం దగ్గర అది నాకు కుడి పక్కన కూర్చుంది. మాస్టారు ఎదురుగా. నేను పాత వాల్వుల గురించి చెబుతున్నాను. ఉన్నట్టుండి అది కంచం దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైందో అర్థం కాలేదు. మాస్టారు తన కుర్చీ లాక్కుని నా ఎడమ పక్కకి వచ్చాడు.

"వదినగారూ, ఆవిడ అడిగింది మీకు వినిపించిందాండీ?"

"వినిపించకేం!" అన్నాను.

ఏమడిగిందో నాకు తెలీదు. అడిగిన సంగతే తెలీదు. కానీ ఆయన ముందు తెలీదనడం ఇష్టం లేకపోయింది. కొత్తగా వచ్చిన మనిషి, మా ఇద్దరి మధ్యా దుబాసీ పని తనెందుకు చేయాలి?

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. ఇంటి తాళం సరిగా పడలేదు, చాలాసేపు తంటాలు పడ్డాను.

మార్చి 18

మొదటి విడత పెట్టెలు వెళ్ళిపోయాయి. అన్నిటిలోనూ నేను ఏరిన పాత జతలే. పాతవే తీసుకోండి అని పెద్దాయనకి చెప్పేశాను. డీలరుతో మాట్లాడతానన్నాడు.

గుడ్డు ఉడకబెట్టుకున్నాను. తినబుద్ధి కాలేదు.

మార్చి 19

ఒక్క మాట అడిగి ఉండొచ్చు అది. అంతే నేననేది.

మార్చి 24

పెట్టెలు వెనక్కి వస్తున్నాయి.

మొదటిది ఒక రిటైరైన సంగీతం టీచరుగారిది. "మీ పెట్టె పెట్టినప్పటి నుంచీ గాయని కుడి గోడలోకి పోయిందండీ" అన్నాడట. ఆయన గది వంకరదై ఉంటుందన్నాను. తర్వాత ఒక పళ్ళ డాక్టరు. ఆయనా అదే మాట. గది అన్నాను. ఇవాళ మూడో మనిషి. ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురు, ముగ్గురికీ కుడి గోడే.

పెద్దాయన నన్నేమీ అనలేదు. అనకపోవడమే భరించలేకపోయాను. డీలరుకి ఫోను చేసి, ఇప్పుడే తీసుకోవడం లేదు ఆగమని నా ముందే చెప్పాడు.

సాయంత్రం బయలుదేరుతుంటే మీటరు వాపసు వచ్చిన పెట్టెల్లో ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో పాతవి తీసేసి కొత్త వాల్వుల జత పెట్టాడట. "రెండూ సరిసమానం మేడమ్, వెంట్రుకవాసి తేడా లేదు. ఒక్కసారి ఇంటి దగ్గర తీరిగ్గా వినండి" అన్నాడు. గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

ఆటోలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. రేపు సెలవు పెడతాను. వాళ్ళ చెవులకి ఏమొచ్చిందో తేలుస్తాను.

మార్చి 25

పొద్దున్నే మొదలుపెట్టాను.

కొత్త వాల్వులు. కుడి పక్క మందం. సరిగ్గా నేను మొదట్నుంచీ చెబుతున్నట్టే.

వాల్వులు మార్చాను. కుడి పక్కే.

వైర్లు మార్చాను. కుడి పక్కే.

నడుం విరిగినంత పనైంది గానీ స్పీకర్లు కూడా ఈడ్చి అటుది ఇటు, ఇటుది అటు పెట్టాను. కుడి పక్కే. చదరం ఉన్న గోడకి దుప్పటి కూడా కట్టి చూశాను. కుడి పక్కే.

ఇంక మార్చడానికి ఏమీ మిగల్లేదు. పాట నడుస్తోంది. స్పీకరు వెనక మరమేకు ఒకటి ఊడి దొర్లి కుర్చీ వెనక్కి పోయింది. దాన్ని వెతకడానికి స్పీకర్లకి వీపు పెట్టి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. మర దొరికింది. పాట వింటూనే ఉన్నాను.

వయొలిన్ బాగుంది. స్పష్టంగా ఉంది. గంట మోగింది.

ఇప్పుడు రెండో పక్క స్పీకరు మందంగా ఉంది.

లేచి స్పీకర్లకి ఎదురు తిరిగాను. కుడి స్పీకరు మందం. వీపు తిప్పాను. ఎడమది మందం. ఎన్నిసార్లు తిరిగానో తెలీదు, ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకునేవాళ్ళు. వాల్వు మారితే మారలేదు, వైరు మారితే మారలేదు, స్పీకరు మారితే మారలేదు. నేను తిరిగితే మారింది.

మర చేతిలో అలాగే ఉంది.

మార్చి 26

పనికి వెళ్ళలేదు.

మార్చి 28

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టి, శబ్దం వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. నా ఉద్యోగమే అది, వినడం. ఎడమ చెవికి నొక్కాను, నొక్కాను, నొక్కాను. కుడి చెవికి మారాక చాలాసేపు ఏమీ రాలేదు. మిషను పాడైందేమోననుకున్నాను. తలెత్తి చూస్తే అద్దం అవతల ఆ అమ్మాయి తన పని తను చేసుకుపోతూనే ఉంది.

సన్నటి శబ్దాలు కుడి చెవికి బాగా తగ్గిపోయాయట. కొన్నేళ్ళుగా మెల్లమెల్లగా పోతూ ఉండి ఉంటుందట. "మీకు తెలియదండీ, పక్కవాళ్ళకే ముందు తెలుస్తుంది. పిలిస్తే పలకడం లేదని ఎవరూ అనలేదా?" అన్నాడు డాక్టరు. చెవి మిషను పెట్టుకుంటే మాటల వరకు ఫరవాలేదన్నాడు.

ఏడవాల్సింది. కానీ మెట్లు దిగుతుంటే ఎంత తేలిగ్గా ఉందో! అది గొణగలేదు. నేను మూతి ముడుచుకోలేదు. అది అడిగింది నాకు వినపడలేదు, నేను పలకలేదని అది అలిగింది, ఇంతే జరిగింది. ఎవరి తప్పూ లేదు. అంతా చెవిదే. డాక్టరు సంతకం చేసిన కాగితం కూడా ఉంది. రేపు పొద్దున్నే పట్టుకెళ్ళి దాని చేతిలో పెడతాను.

మార్చి 29

వెళ్ళాను. మరిది కొలను దగ్గర ఉన్నాడు. చెల్లెలు ఒక్కతే తువ్వాళ్ళు మడత పెడుతోంది. కాగితం ఇచ్చాను. గెలిచిన దానిలా నిలబడ్డాను.

చదివింది. నన్ను కూర్చోబెట్టి, తను నా ఎడమ పక్కన కూర్చుంది.

"మిషను పెట్టించుకుంటావా?"

"పెట్టించుకుంటాను. ఇప్పుడు అర్థమైందా నీకు? నేను కావాలని చేయలేదే."

"కుడి చెవి సంగతి నాకు తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

"ఆయన ఎప్పుడో చెప్పారు. చెవిలో నీళ్ళు పోయిన పిల్లలు ఇలాగే తల ఒక పక్కకి తిప్పి వింటారట. నీకు చెబుదామంటే నేనే వద్దన్నాను. నీ చెవిలో లోపం ఉందని అంటే ఇంటి కప్పు లేపేదానివి కాదూ?"

లేపేదాన్నే.

"అందుకే ఆ రోజు ఎడమ పక్కకి వచ్చి కూర్చుని అడిగాను."

"ఏ రోజు?"

"నీకు తెలుసు." తువ్వాలు మడత విప్పి మళ్ళీ పెట్టింది. "పెళ్ళికి ముందు రోజు పొద్దున్న. నువ్వు బల్ల దగ్గర వాల్వు కాళ్ళు తుడుస్తున్నావు. ఇదిగో ఇంత దగ్గరగా కూర్చున్నాను. అక్కా, నేను వెళ్ళిపోతే నీకు ఫరవాలేదా అని అడిగాను. బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావు. మళ్ళీ అడిగాను. ఆ చిన్న బ్రష్షు ఎక్కడ పెట్టావే అన్నావు."

వినపడలేదు అనొచ్చు. కాగితం నా ఒళ్ళోనే ఉంది, సంతకంతో సహా. అంటే నమ్మేది కూడా. లేదా నమ్మినట్టు ఉండేది, దానికి నా మీద అంత ప్రేమ ఉంది.

"వినపడింది" అన్నాను.

"తెలుసు."

"రెండుసార్లూ వినపడింది."

ఇన్ని రోజులూ ఇక్కడ ఏం రాసుకున్నానో తెలుసు నాకు. అడగలేదు, అడగలేదు అని. నా పుస్తకంలో నాకే అబద్ధం రాసుకున్నాను. ఎవరు చదువుతారని?

"అయితే ఇప్పుడు చెప్పు" అంది.

"ఫరవాలేదు కాదు. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. మాస్టారు మంచివాడే, అది వేరే సంగతి. ఇల్లు నాకు భయంగా ఉంది. వంట చేసుకోబుద్ధి కావడం లేదు. నువ్వు వెళ్ళడం నాకు అస్సలు ఇష్టం లేదే."

దాని మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. ఇద్దరం తువ్వాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చాం. మడత పెట్టినవన్నీ పాడుచేశాం.

"ఇదే ఆ రోజు అని ఉంటే..." అంది.

"ఆగిపోయేదానివా?" ఆశగానే అడిగాను, దాచడమెందుకు.

"ఆగేదాన్ని కాదు. నీ దగ్గర ఏడ్చి వెళ్ళేదాన్ని. నువ్వు ఏడవనివ్వలేదు. నా బీరువా నేను తీసుకెళ్తుంటే దొంగసొత్తు మోసుకుపోతున్నట్టుంది నాకు."

ముక్కు తుడుచుకుని, ఆ ఆదివారం భోజనం దగ్గర అసలు ఏమడిగావే, అలా లేచిపోయావు అన్నాను.

"కూర ఇంకొంచెం వేయనా అని అడిగాను. కుడి పక్కన ఉన్నానని నాకూ గుర్తులేదు. దానికి కూడా పలకవా అనిపించింది!"

మరిది వచ్చేసరికి ఇద్దరం పడీ పడీ నవ్వుతున్నాం. అతను తలుపు దగ్గరే ఆగిపోయాడు పాపం, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో తెలీక.

మార్చి 31

పెద్దాయనకి చెప్పాను. మీటరుని కూడా పిలవమని చెప్పి, ఇద్దరి ముందూ.

"కొత్తవే తెప్పించండి."

"పాతవాటిలో ప్రాణం ఉందన్నావు కదమ్మా?"

"పాతవాటిలో ఒక్కోటి ఒక్కో తీరు. ఆ కుప్పలో వెతికితే నా కుడి చెవికి తక్కువైనంత ఎక్కువ పలికే వాల్వు ఎక్కడో ఒకటి దొరికేది. కొత్తవన్నీ ఒకటే తీరు, అందుకే నాకు ఒక్కటీ నచ్చలేదు. పాతవి చెడ్డవని కాదు. వాటిని జత కట్టి అమ్మాలంటే సరిగ్గా వినే మనిషి కావాలి."

పెద్దాయన చాలాసేపు బల్ల మీద ఉన్న వాల్వుని అటూ ఇటూ దొర్లించాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నిజానికి పోవాలి కూడా. మీటరే గొంతు సవరించుకున్నాడు.

"మిషనులో సమానంగా చూపించినవి కూడా కొన్ని గరగరమంటాయి సార్. అది నాకు మిషనులో తెలీదు. మేడమ్ ఒక్కోదాన్నీ ఎడమ చెవితో విని చెప్పొచ్చు. జతలు నేను చూసుకుంటాను."

ఆయనకి క్షమాపణ చెప్పాలి. చెప్పబోయాను. "టీ వచ్చింది మేడమ్" అని లేచి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

చెల్లెలు వచ్చింది. మరిదికి పిల్లల పోటీలున్నాయట, ఒక్కతే వచ్చింది. గుమ్మం మీద గీత చూసి నోరు నొక్కుకుంది. నేను రంగు వేయించలేదని దెప్పింది. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ తీసి చూసి, నువ్వసలు ఏం తిని బతుకుతున్నావే అని అరిచింది. చెవి మిషను ఇంకా రాలేదు, అయినా ఆ అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

కొత్త మోడల్ పెట్టె ఇంట్లోనే ఉంది. చెల్లెల్ని నా కుర్చీలో కూర్చోబెట్టి రికార్డు పెట్టాను. ఇన్నేళ్ళలో దాన్ని ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు నేను. కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. గాయని ఎక్కడుంది అని అడిగాను. మధ్యలో అంది. వయొలిన్? ఇటు అంది. గట్టిగా ఉందా, నెమ్మదిగా ఉందా? మామూలుగా ఉంది అంది. చివర్లో ఏమైనా వినిపించిందా?

"గంట. చిన్నది. ఇందులో ఇంత వినడానికేముందక్కా, శుభ్రంగా ఉంది కదా!"

శుభ్రంగా ఉందట. అదే రాసి రేపు మీటరుకి ఇస్తాను.

మధ్యాహ్నం వండింది. ఇద్దరం తిన్నాం. కూర ఇంకొంచెం వేయించుకున్నాను. అది గిన్నెలు కడుగుతూ ఏదో చెప్పింది. కుళాయి హోరులో నాకు అందలేదు. "వినపడలేదే, మళ్ళీ చెప్పు" అన్నాను. మళ్ళీ చెప్పింది. ఈత పోటీల గురించి, పెద్ద విషయమేమీ కాదు.

ఎండ తగ్గాక చెప్పులేసుకుంది.

"వెళ్ళొస్తానక్కా."

"వెళ్ళకే" అన్నాను.

"వెళ్ళాలి."

"తెలుసు. అయినా వెళ్ళకు."

నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. వెళ్ళింది.